తీపి, చేదు, చప్పన

మా మేనత్త పోయింది. పోయిన మంగళవారం ఇబ్రహీంపట్నం నుంచి వచ్చే పొద్దుటి బస్సు కండక్టరు, హైదరాబాద్‌లో నేను పనిచేసే ఆడపిల్లల బడి గేటు దగ్గర దిగి, లోపలికి రాకుండానే కాపలా మనిషికి కబురు చెప్పి పోయాడు. "టీచరమ్మకు చెప్పు, వాళ్లత్త పొద్దుగాల పోయిందంట." నేను అప్పుడు రెండో తరగతి పిల్లలతో ఎక్కాలు చెప్పిస్తున్నాను. వాళ్లు ఏడో ఎక్కంలో ఉన్నారు. అది పూర్తయ్యేదాకా నిలబడి విన్నాను. తర్వాత సుద్దముక్క బల్ల మీద పెట్టి బయటికి వచ్చాను.

ఆమె గురించి పత్రికలో రాయదగిన విషయం పైకి ఏదీ కనబడదు. ఆమె ఏ సంఘంలోనూ లేదు. సభల్లో మాట్లాడలేదు. చదువు రాదు. అయినా ఈ ఐదారేళ్లలో మా ఊళ్లో మనుషులు మనుషులను ఏమేం చేశారో చూసినదాన్ని కాబట్టి, ఆమె గురించి చెప్పకుండా ఉంటే తప్పు చేసినట్టే అనిపించింది. ఇందులో నా తప్పు కూడా ఒకటి ఉంది. అదీ చెబుతాను.

మా నాయనకు ఆమె ఒక్కతే చెల్లెలు. మావి చెరువు మీద చేపలు పట్టి బతికే ఇళ్లు. వానలు లేక చెరువు ఎండిపోయిన ఏడు ఆమె భర్త ఒక మేస్త్రీ వెంట మద్రాసు పోయి, అక్కడ ఓడెక్కి, రంగూన్‌లో బియ్యం మిల్లులో కూలీగా చేరాడు. తర్వాత ఆమెనూ తీసుకుపోయాడు. పదేళ్లు అక్కడే ఉన్నారు. యుద్ధం వచ్చి రంగూన్ మీద బాంబులు పడ్డప్పుడు వేలమందితో పాటు అడవిదారి పట్టి ఈ దేశానికి నడిచారు. ముగ్గురు బయలుదేరితే ఒక్కతే వచ్చింది. భర్త వాంతులూ విరేచనాలతో, ఐదేళ్ల కొడుకు జ్వరంతో దారిలోనే పోయారు. ఆమె వచ్చి మా వాకిట్లో నిలబడ్డ రోజు మా అమ్మ గుర్తుపట్టలేదు. అడుక్కునే మనిషనుకుని గింజలు తేవడానికి లోపలికి పోయింది. "వదినా, నేనే" అందట అత్త. చేతిలో ఒక సత్తు గిన్నె తప్ప ఇంకేమీ లేదు.

రంగూన్‌లో కూలీల పాకల పక్కన ఒక బౌద్ధ మఠం ఉండేదట. గులాబీరంగు బట్టలు కట్టుకున్న గుండు ముసలామె ఒకరు అక్కడి నుంచి పొద్దున్నే బియ్యం అడగడానికి వచ్చేది. మా అత్తకు తొలిచూలు బిడ్డ పుట్టి మూడో నెలలో పోతే, ఆ సన్యాసిని రోజూ వచ్చి పక్కన కూర్చునేది. ఇద్దరి మధ్యా ఉన్నది బజారు భాష. ఉప్పు, చింతపండు, ఎంత, చాలు. బుద్ధుడు చెప్పిన పెద్ద సంగతిని ఆ ముసలామె ఆ కాస్త భాషలోనే చెప్పాల్సి వచ్చింది. అందుకే రుచుల్లో చెప్పింది. ఒంటికి గానీ మనసుకు గానీ ఏది తగిలినా తీపి, చేదు, చప్పన, ఈ మూడింట్లో ఒకటి వస్తుంది. ఏది వచ్చిందో వచ్చినప్పుడే తెలుసుకో. అంతే. పుస్తకాల్లో దీన్ని వేదన అంటారని, సుఖం, దుఃఖం, రెండూ కానిది అని మూడుగా చెబుతారని నాకు చాలా తర్వాత తెలిసింది. ఆ సంగతి అత్తకు చెబితే, "రెండు కానిదంటె సప్పనే కదనే. దానికి గంత పుస్తకమెందుకు?" అంది.

ఊళ్లో ఆమె కాన్పులు చేసేది, పుండ్లు కడిగేది. పాత చీరెలు ఉడకబెట్టి, ఎండలో ఆరేసి, పీలికలు చేసి పెట్టుకునేది. వేపాకు నీళ్లతో పుండు కడుగుతూ, అరవబోతున్న మనిషిని "ఏమొచ్చింది బిడ్డా?" అని అడిగేది. ఏం చెప్పాలో ఎవరికీ తెలిసేది కాదు. "చేదొచ్చిందా? ఏడున్నది? మోకాలు కాడనా, బిగవట్టిన పండ్ల కాడనా? జర సూడు, పెరుగుతున్నదా, తరుగుతున్నదా?" అనేది. ఆ మనిషి చూసుకునేలోగా కట్టు కట్టడం అయిపోయేది. నొప్పి మరిపించడానికి ఇదొక ఉపాయమని చాలాకాలం అనుకున్నాను.

అంతమాత్రాన ఆమె శాంతమూర్తి అనుకోవద్దు. నోరు పెద్దది. బెల్లం దాచుకునేది. మా అమ్మతో రోజూ ఏదో ఒక తగువు. ఒకసారి మా అమ్మ ఎవరితోనో "మొగన్ని మింగి, కొడుకును మింగి ఈడికొచ్చింది" అనడం ఆమె చెవిన పడింది. అప్పుడామె వడ్లు దంచుతోంది. రోకలి అలాగే పట్టుకుని నిలబడి, "వదినా, నాకు చేదొచ్చింది. మస్తు వచ్చింది. జరసేపు నా కండ్ల ముంగట వడకు" అని చెప్పి, పెరట్లోకి పోయి గొడ్ల పాక గోడకు ఆనుకుని కూర్చుంది. చాలాసేపటికి వచ్చి మిగిలిన వడ్లు దంచింది. మళ్లీ ఎప్పుడూ ఆ మాట ఎత్తలేదు. ఆ పూట మా అమ్మ అందరికంటే ముందు ఆమెకే అన్నం పెట్టింది.

నా పెళ్లయ్యాక మేమూ అదే వాడలో ఉన్నాం. మా ఆయన ఊళ్లో చిన్న పఠనమందిరం నడిపేవాడు. నాకు చదువు నేర్పింది ఆయనే. వెట్టి చేయలేమన్నవాళ్లకు, లెవీ పేరుతో తిండిగింజలు కూడా పోగొట్టుకున్న రైతులకు అర్జీలు రాసిపెట్టేవాడు. ఆ రోజుల్లో ఖాకీ బట్టలు తొడుక్కుని, తుపాకులతో ఊళ్లమీద పడే మూక ఒకటి తిరిగేది. దొర దగ్గర గుమాస్తా, మా కులంవాడే, వాళ్లకు మా ఇల్లు చూపించాడు. మధ్యాహ్నం అన్నం ముందు నుంచి ఆయనను లేపుకుపోయారు. నాలుగో రోజు ఊరి బయట తుమ్మచెట్ల దగ్గర పడేసి పోయారు. అప్పటికి ఇంకా ప్రాణం ఉంది. తొమ్మిది రోజులు బతికాడు.

ఆ తొమ్మిది రోజులూ అత్తే ఆయన ఒళ్లు కడిగింది. అరికాళ్లకు చర్మం లేదు. ఆమె ఆయనను ఏమీ అడగలేదు. నన్ను అడిగింది.

"ఏమొచ్చింది బిడ్డా?"

"సచ్చిపోవాలనొస్తుందత్తా."

"గది తర్వాతొచ్చింది. దానికంటె ముంగట ఏమొచ్చింది?"

నేను ఆలోచించాను. "చేదు."

"ఏడున్నది?"

"గొంతుల."

"ఉండని. గొంతులనే ఉండని. కాళ్లల్లకు దిగనియ్యకు. కాళ్లల్లకు దిగితె బాయి కాడికి తీస్కపోతది."

ఆయన పోయాక పుట్టింటికి, అమ్మా అత్తల దగ్గరికే చేరాను; మా నాయన అప్పటికే లేడు. అక్కడ ఎన్నోసార్లు ఇంటి వెనక బావి నన్ను పిలిచింది. ప్రతిసారీ గొంతులో ఉన్నదాన్ని వెతుక్కున్నాను. అది అక్కడే ఉండేది. కాసేపటికి కొంచెం తగ్గేది, మళ్లీ వచ్చేది. అది కదులుతుందని తెలియడమే నన్ను బతికించింది.

మూడు నెలలకు, ఆ మూకకు నాయకుడుగా తిరిగినవాణ్ని, దొరల మీద తిరగబడ్డ దళంవాళ్లు దారికాచి చంపారని తెలిసింది. కబురు వినగానే నాకు నవ్వొచ్చింది. వాడలో బెల్లం పంచాలనిపించింది. అత్త అడగకముందే నేనే చెప్పాను.

"తీపొచ్చిందత్తా. తప్పా?"

"వచ్చిందానికి తప్పేంది? వస్తది. కానీ ఇంకింత కావాలంటది సూడు, గాడ దొరకవట్టు దాన్ని."

అప్పుడు ఆ మాట పట్టించుకోలేదు. ఇంకింత కావాలనేది నా ఒక్కదాని నోట్లో మాత్రమే లేదని పోలీసు చర్య జరిగిన వారంలో తెలిసింది.

యూనియన్ సైన్యం వచ్చేసిందని వినగానే ఆ ఖాకీ మూక బట్టలు బావుల్లో పడేసి ఎటువాళ్లు అటు పారిపోయారు. పారిపోవాల్సిన అవసరం ఉందని తెలియనివాళ్లు ఊళ్లో మిగిలారు. ఆ మూకలో ఎక్కువమంది ముస్లింలు కాబట్టి, ఏ పాపం తెలియని ముస్లింల ఇళ్లమీద జనం పడ్డారు. మా వాడకు గాజులు తెచ్చే ముసలి తాత అలా మిగిలినవాడు. నా పెళ్లికి గాజులు తొడిగింది ఆయనే. మా ఆయన పోయి నా చేతులు బోసిపోయాక, ఆ తాత గాజుల మలారం భుజాన వేసుకుని మా వాడలో నడిచేవాడే గానీ, మా ఇల్లు దాటేదాకా "గాజులమ్మా" అని కేక పెట్టేవాడు కాదు.

ఆ రోజు నేను అరుగు మీద కూర్చుని చేటలో బియ్యం పోసుకుని రాళ్లు ఏరుతున్నాను. ఇరవైమంది దాకా మా ముందు నుంచి ఆయనను నడిపించుకుపోయారు. తలపాగా లేదు. ఒక కాలికే చెప్పు ఉంది. మా అరుగు దగ్గరకు రాగానే నా వైపు చూసి "బేటీ" అన్నాడు. ఒక్కసారే అన్నాడు. నేను చూశాను. తర్వాత చేటలోకి చూశాను. ఒక నల్లరాయి కనబడింది, తీసి పారేశాను. వాళ్లు మలుపు తిరిగిపోయారు. నేను ఆ చేట పూర్తిచేసి ఇంకో దోసెడు బియ్యం పోసుకున్నాను.

అత్త అప్పుడే ఒక కాన్పు చేసి పైవాడ నుంచి వచ్చింది.

"ఎవలను తీస్కపోయిండ్రు?"

"గాజుల తాతను."

"ఎటు?"

"చెరువు కట్ట దిక్కు."

ఆమె చేతిలో మూట అక్కడే పడేసి పరుగెత్తింది. యాభై దాటిన మనిషి. తిరిగి వచ్చేసరికి మోకాళ్లదాకా బురద. నా పక్కన కూర్చుని చాలాసేపు ఊపిరి తీసుకుంది.

"అయిపోయింది" అంది. తర్వాత నా వైపు తిరిగింది. "ఏమొచ్చింది బిడ్డా?"

"ఏం రాలే."

"తీపి రాలేదా?"

"రాలే."

"చేదు?"

"రాలేదత్తా. నిజంగనే ఏం రాలే."

నన్ను తిడుతుందనుకున్నాను. తిట్టలేదు. తన రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుంది. రంగూన్ దారి గురించి అంతకుముందు ఎన్నడూ చెప్పని మనిషి అప్పుడు చెప్పింది.

"నా కొడుకు పొయినంక రెండు దినాలకు, అడివిల ఒకామె దారి మీద పడున్నది. మన దిక్కు మనిషే, మన మాటనే. నేను దాటుతుంటె నా కాలు పట్టుకున్నది. నీళ్లడిగింది. నా గిన్నెల నీళ్లున్నయ్. కాలు గుంజుకొని పోయిన. కోపమొచ్చి కాదు, భయమై కాదు. నాకేమనిపియ్యలే. కొడుకు యాదికొస్తె ఏడుస్త, ఏడిస్తె జర తేలికైతది. గామె యాదికొస్తె ఏడుపు సుత రాదు. గిప్పటికి నా కాలు పట్టుకొనే ఉన్నది."



"తీపొస్తె దానెంబడి పోతం. చేదొస్తె తరుముతం. గా రెండు కనవడ్తయ్ బిడ్డా. సప్పన కనవడది. కండ్లు తెరిచే నిద్రవోతం. గా నిద్రలనే ఎక్కువ పాపం జరుగుతది." ఆమె లేచి నిలబడింది. "లే. చేట ఆడ వెట్టు. ఆయన ఇంటామె, కోడలు ఇంట్లనే ఉన్నరు. నడువు."

వాళ్లిద్దరూ వాళ్లింటి వెనక గడ్డివాము చాటున నక్కి ఉన్నారు. కోడలికి ఏడో నెల. నా చీరెలు రెండు కట్టించి, నెత్తిన చెరొక గడ్డిమోపు పెట్టి మా ఇంటికి తెచ్చుకున్నాం. మా అమ్మ గుమ్మంలో నిలబడి ఒక్కక్షణం మమ్మల్ని చూసింది. లోపలికి పోయి పొయ్యి మీద ఇంకో గిన్నె పెట్టింది.

మర్నాడు మధ్యాహ్నం మా వాడ మనిషి ఒకడు వాకిట్లోకి వచ్చాడు. మా ఆయన పాడె మోసిన నలుగురిలో అతనొకడు. వెనకాల వీధిలో ఇంకొందరున్నారు. అత్త ఇంట్లో లేదు. నేనే ఎదురుపోయాను.

"అక్కా, ఆళ్లు మీ ఇంట్లున్నరని తెలిసింది. పంపియ్యి."

నేను గుమ్మానికి అడ్డంగా నిలబడ్డాను.

"నీ పెనిమిటిని సంపింది ఆళ్ల మందే గద అక్కా! నువ్వే దాసిపెడ్తవా?"

మా ఆయన అరికాళ్లు కళ్లముందుకొచ్చాయి. చేదు వచ్చింది. గొంతులోకి కాదు, చేతుల్లోకి. తలుపు వదిలేస్తే చాలు. నేను చేయాల్సిందేమీ లేదు, పక్కకు జరిగితే చాలు. లోపల గర్భిణి దగ్గు ఆపుకోవడం నాకు వినబడింది. అతనికీ వినబడింది.

"నా పెనిమిటిని ఈ ముసలామె సంపలే. కడుపుల ఉన్న బిడ్డ సంపలే" అన్నాను. "ఇల్లు సూపిచ్చినోడు మనోడే. ఆడు దొర గడీల కూసొని అన్నం తింటున్నడు. ఆని కాడికి పోయినవా నువ్వు? నా పెనిమిటి పేరు చెప్పి ఎవలిని సంపినా, నన్ను సంపినంకనే."

అతను నన్నూ, గాజుల్లేని నా చేతులనూ చూశాడు. తల వంచుకుని వెనక్కి తిరిగాడు. నాలో ధైర్యమేమీ లేదు. అత్త వచ్చేదాకా గుమ్మంలోంచి కదలలేదు.

తాతను పాతిపెట్టడానికి మగవాళ్లెవరూ రాలేదు. మసీదులో ఉండే ముసలాయన ప్రార్థన చదివాడు. మట్టి మేమిద్దరం ఎత్తిపోశాం. ఐదో రోజు ఆ అత్తాకోడళ్లను బండి మీద గోనెసంచుల మధ్య కూర్చోబెట్టి హైదరాబాద్‌లో వాళ్ల బంధువుల ఇంటికి చేర్చాం. కోడలికి ఆడపిల్ల పుట్టిందని తర్వాత తెలిసింది. తాత గురించి నేను చేసుకునే పశ్చాత్తాపానికి ఆ కబురు ఏ రకంగానూ బదులు కాదు. ఆయన "బేటీ" అన్నప్పుడు నేను లేచి ఉంటే ఆయన బతికేవాడని చెప్పలేను. లేవలేదు, అది మాత్రం నిజం.

ఆ తర్వాత ఏడాది పాటు మా వాడలో అత్తను ఎవరూ కాన్పులకు పిలవలేదు. ఒకరోజు, అప్పుడు వాళ్లను పంపమని మా వాకిట్లోకి వచ్చిన ఆ మనిషి భార్యకే బిడ్డ అడ్డం తిరిగింది. అతనే పరుగెత్తుకొచ్చి వాకిట్లో నిలబడ్డాడు. అత్త అతన్ని చూసి, "చేదే వచ్చింది నాకు. నడువు" అని మూట అందుకుంది. తల్లీ బిడ్డా ఇద్దరూ బతికారు. నన్ను హైదరాబాద్ పంపి టీచరు శిక్షణ చదివించింది కూడా ఆమె పట్టుదలే. "ఆడ అందరు కొత్తోళ్లు. కొత్తోళ్లను సూస్తుంటె నిద్ర రాదు" అనేది.

ఈ వేసవిలో ఆమె కడుపులో గడ్డ తేలింది. దవాఖానలో చూపించాం. చేసేదేమీ లేదన్నారు. నాలుగు నెలలు మంచంలో ఉంది. ఆమె చిరునవ్వుతో భరించిందని రాస్తే అబద్ధమవుతుంది. అరిచేది. ఆ అరుపులకు పక్కింటి పిల్లలు జడుసుకునేవాళ్లు. ప్రతి ఆదివారం నేను పోయి పక్కన కూర్చునేదాన్ని. ఒకసారి నేనే అడిగాను.

"అత్తా, సూస్తె నొప్పి తగ్గుతదా?"

"తగ్గదు. ఎందుకు తగ్గుతది? నొప్పి నొప్పే." ఊపిరి కూడదీసుకుంది. "దాని నెత్తి మీద ఇంకోటెక్కి కూసుంటది. నాకే ఎందుకొచ్చె, ఎప్పుడు వోతది, ఎవలు చేసిండ్రు అని. సూస్తె గది దిగుతది. ఒక్క బరువన్న తగ్గుతది గద."

పోవడానికి ముందటి ఆదివారం బెల్లం చాయ్ అడిగింది. చెంచాతో నోట్లో పోశాను. ఎప్పటిలాగే కాసేపు ఆగింది. నేను ఏదో పెద్దమాట వస్తుందని ఎదురుచూశాను. "సప్పగున్నది. ఇంకింత బెల్లమెయ్యి" అంది. వేశాను. రెండు చెంచాలు తాగింది. బస్సు వేళైందని, బడి ఉందని ఆమే నన్ను పంపించింది. ఆమె నాతో మాట్లాడిన చివరి రోజు అదే.

మంగళవారం నేను చేరేసరికి స్నానం చేయించి వాకిట్లో పడుకోబెట్టారు. ఏడవడానికి పైవాడ నుంచి, కిందివాడ నుంచి ఆడవాళ్లు వచ్చారు. ఆమె చేతుల మీద పుట్టినవాళ్లే మోసుకుపోయి మట్టి చేశారు.

మూడో రోజు పిట్టకు పెట్టడానికి పోయాం. విస్తరిలో అన్నం, చేపల కూర పెట్టి అందరం దూరంగా నిలబడ్డాం. కాకి రాలేదు. ఎండ ఎక్కింది. కులపెద్ద "ఏదో కోరిక మిగిలింది" అన్నాడు. ఏం కోరికో ఎవరూ చెప్పలేకపోయారు. నిలబడలేక ఒక్కొక్కరే నేలమీద కూర్చున్నారు. మాటలు కూడా అయిపోయాయి. గాలి లేదు, చప్పుడు లేదు, అంతా చప్పన. నేల పగుల్లోంచి చీమలు బయల్దేరి విస్తరి దాకా పోయి, ఒక్కో మెతుకు పట్టుకుని వరసగా వెనక్కి రాసాగాయి. వాటి దారిలో మా అమ్మ కాలు ఉంది. ఆమె చాలాసేపు వాటిని చూసింది. తర్వాత పాదం మెల్లగా ఎత్తి, పక్కకు జరిపి, చీర కుచ్చెళ్లు దగ్గరికి లాక్కుని, అవి పోయేదాకా అలాగే కూర్చుంది.